ఏదీ, ఒకసారి పీల్చి చూపించండి: పీహెచ్‌సీ స్టాఫ్‌కి ఇన్‌హేలర్ ట్రైనింగ్ ఇచ్చిన కేస్ స్టడీ

మేం ఉండేది గుంటూరు, పల్నాడు వైపు. ఇక్కడ ఆయాసం పేషెంట్లకి కొదవలేదు. డిసెంబర్ చలికి కొంతమంది వస్తారు, ఫిబ్రవరి నుంచి మే దాకా మిర్చి సీజన్‌కి ఇంకొంతమంది, కళ్లాల్లో తాలుకాయలు ఏరేవాళ్లు, తొడిమలు తీసే ఆడవాళ్లు, యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసేవాళ్లు. వీళ్లు కాక జీవితమంతా కట్టెల పొయ్యి ఊదిన పెద్దవాళ్లు, బీడీ మానని తాతలు ఏడాది పొడుగునా ఉండనే ఉంటారు. 2016 లెక్కల ప్రకారం దేశం మొత్తం మీద సీఓపీడీ (గాలి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు) ఉన్నవాళ్లు దాదాపు 5.5 కోట్లు, ఆస్తమా ఉన్నవాళ్లు 3.8 కోట్ల దాకా, అంటే ఏ మండలం తీసుకున్నా ప్రతి పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) రోజూ కనపడే జబ్బే ఇది, పెద్ద స్పెషలిస్టు వ్యవహారం ఏమీ కాదు.

ఈ రైటప్ ఒక పేషెంట్ గురించి కాదు. ఒక సీహెచ్‌సీ (కమ్యూనిటీ హెల్త్ సెంటర్), దాని చుట్టూ ఉన్న పీహెచ్‌సీలు, వాటి కింద విలేజ్ క్లినిక్‌లు, అక్కడి స్టాఫ్‌కి ఇన్‌హేలర్ వాడటం నేర్పించిన పని గురించి. నేను ఊపిరితిత్తుల డాక్టర్‌ని, నాతోపాటు ఒక రెస్పిరేటరీ థెరపిస్టు, ఒక సీనియర్ ఫార్మసిస్టు కలిసి చేశాం. ఏది పనిచేసిందో ఏది చెయ్యలేదో రాస్తున్నా, ఇంకెవరైనా ఇలాంటిది మొదలుపెట్టాలనుకుంటే పనికొస్తుందని.

ఎందుకు మొదలైందంటే

మా ఓపీకి రిఫరల్ మీద వచ్చే వాళ్లలో చాలామంది చీటీలు చూస్తే ఒకే కథ కనపడేది. మొదట ఇన్‌హేలర్‌లో పెట్టి పీల్చే క్యాప్సూల్ 200 డోసు, తగ్గలేదని 400, తగ్గలేదని డెరిఫిల్లిన్ (ఆయాసం మాత్ర), తగ్గలేదని స్టెరాయిడ్ మాత్రల కోర్సు ఐదు రోజులు, మళ్లీ ఇంకో కోర్సు, షుగర్ పెరిగిందని దానికి ఇంకో మాత్ర. మందు రాసినవాళ్లని తప్పు పట్టడానికి లేదు, రాసిన మందు కరెక్టే. నేను ఎదురుగా కూర్చోబెట్టి "ఏదీ, ఇంట్లో ఎలా పీలుస్తారో ఒకసారి చూపించండి" అంటే అప్పుడు బయటపడేది అసలు సంగతి. ఒకాయన పంపు నోట్లో పెట్టుకుని నొక్కి, ఆ తర్వాత తీరిగ్గా గాలి పీలుస్తాడు, ఈలోపు మందంతా నాలుక మీద పడిపోయింది. ఇంకొకామె ఇన్‌హేలర్‌ని తలకిందులుగా పట్టుకుని నొక్కుతుంది. ఒక పెద్దాయన అయితే గొట్టాల్ని, అంటే పీల్చాల్సిన ఆ క్యాప్సూల్స్‌ని, మంచినీళ్లతో మింగుతున్నాడు, రోజుకి రెండు, నెలల తరబడి, "ఏం పనిచేయట్లేదు సార్" అంటూనే.

ఎవరు నేర్పించారమ్మా అని అడిగితే వచ్చే జవాబులు కూడా దాదాపు ఒకటే. "మందులిచ్చే అబ్బాయి చెప్పాడు", "సిస్టరమ్మ చూపించింది", "డబ్బాలో కాగితం ఉంది కదండీ, మా మనవడు చదివాడు". డాక్టర్ చూపించాడు అన్నవాళ్లు చాలా తక్కువ, అది సహజమే, ఓపీలో వంద మంది క్యూలో ఉన్నప్పుడు ఎవరు చూపిస్తారు. అంటే పేషెంట్ చేతికి ఇన్‌హేలర్ ఇచ్చే ఆఖరి మనిషి ఫార్మసీ కిటికీ వెనక ఉన్నాడు, లేదా ఇంజెక్షన్ రూమ్‌లో ఉంది. వాళ్లకి వచ్చా రాదా అనేది మేం ఎప్పుడూ చూడలేదు. అందుకని పేషెంట్ల కన్నా ముందు వాళ్ల దగ్గరికి వెళ్లాలని అనుకున్నాం.

ముందు వాళ్లని చేసి చూపించమన్నాం

మన దగ్గర ట్రైనింగ్ అంటే ఏంటో అందరికీ తెలుసు, డివిజన్ హెడ్‌క్వార్టర్‌లో ఒక హాలు, ప్రొజెక్టర్, బ్యానర్, అటెండెన్స్ సంతకాలు, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం వాట్సాప్‌లో గ్రూప్ ఫోటో. స్లైడ్ల మీద ఇన్‌హేలర్ బొమ్మలు చూసి ఇంటికెళ్లినవాళ్లకి చేతికి ఏమీ అంటదు. కాబట్టి మేం సెంటర్‌కే వెళ్లి, ఏమీ చెప్పకముందే ఒక్కొక్కరిని పక్క గదిలోకి పిలిచి, మందు లేని డెమో ఇన్‌హేలర్ చేతిలో పెట్టి, "పేషెంట్‌కి ఎలా చూపిస్తారో అలాగే నాకు చూపించండి" అన్నాం. చేతిలో పది స్టెప్పుల కాగితం, టిక్ పెట్టడమే, మాట్లాడటం లేదు. పరిశుభ్రత గురించి ఒక మాట, కోవిడ్ తర్వాత ఒకే డెమో డివైస్ అందరి నోట్లో పెట్టడం కుదరదు కాబట్టి, మనిషికో డివైస్, లేదా మౌత్‌పీస్ మార్చుకునే ఏర్పాటు, ఇది ముందే చూసుకోవాలి, లేకపోతే సిస్టర్లే ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే కరెక్ట్ కూడా.

పది స్టెప్పులూ సరిగ్గా చేసినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దీనికి ఆశ్చర్యపోవాల్సిన పని లేదు, మన జిల్లాకో మన రాష్ట్రానికో సంబంధించిన విషయం కూడా కాదు ఇది. 1975 నుంచి 2014 దాకా వివిధ దేశాల్లో హెల్త్ స్టాఫ్ టెక్నిక్ మీద వచ్చిన స్టడీలన్నీ కలిపి 2018లో ఒక రివ్యూ వచ్చింది, అందులో సరిగ్గా చేసినవాళ్లు 15.5 శాతమే, పైగా పాత రోజుల కన్నా కొత్త రోజుల్లో ఆ శాతం ఇంకా తగ్గింది. ఈ సంగతి ట్రైనింగ్ మొదట్లోనే స్టాఫ్‌కి చెప్పాం, దానివల్ల గదిలో బిగుసుకుపోయిన వాతావరణం కాస్త సర్దుకుంది, "అంటే ఫారిన్‌లో కూడా ఇంతేనా సార్" అని ఒక ఫార్మసిస్టు నవ్వాడు.

ఏ తప్పులు ఎక్కువ కనపడ్డాయంటే, పంపు ఇన్‌హేలర్‌లో, అంటే ఎండీఐలో, ముందు ఊపిరి పూర్తిగా వదలకపోవడం దాదాపు అందరిదీ. ఇది చిన్నది అనిపిస్తుంది కానీ ఊపిరితిత్తులు సగం నిండి ఉండగా ఇంకెంత పీలుస్తారు? రెండోది పీల్చడం గబుక్కున, అర సెకనులో. ఎండీఐ మందు వేగంగా బయటికి వస్తుంది, మనం కూడా వేగంగా లాగితే గొంతు వెనక గోడకి కొట్టుకుని అక్కడే ఉండిపోతుంది, నిదానంగా మూడు నుంచి ఐదు సెకన్ల పాటు లాగితేనే ఊపిరితిత్తుల లోపలి గాలి గొట్టాల దాకా వెళ్తుంది, అన్నీ కరెక్ట్‌గా చేసినా స్పేసర్ (పంపుకీ నోటికీ మధ్య పెట్టే డబ్బా) లేకుండా లోపలికి వెళ్లేది పదో వంతు నుంచి ఐదో వంతు లోపే. మూడోది ఊపిరి బిగపట్టకపోవడం. ఒకటి నుంచి ఐదు మైక్రాన్ల సైజు కణాలవి, గాలి గొట్టాల గోడల మీద దిగడానికి టైమ్ కావాలి, పది సెకన్లు లేదా పేషెంట్ ఓపినంత సేపు, వెంటనే వదిలేస్తే మందు గాలితో పాటే బయటికి వచ్చేస్తుంది. నోట్లోంచి కానీ ముక్కులోంచి కానీ తెల్లటి పొగలాగా కనపడిందంటే ఆ పఫ్ పోయినట్టే.

క్యాప్సూల్ డివైస్‌ల దగ్గర వేరే రకం తప్పులు. రోటాహేలర్‌లో గొట్టాన్ని పారదర్శకంగా ఉన్న వైపు కిందికి ఉండేలా చదరపు బెజ్జంలో పెట్టి, పైకి సమానంగా వచ్చేదాకా నొక్కి, అప్పుడు అడుగు భాగం తిప్పాలి. రంగు వైపు కిందికి పెట్టేవాళ్లు, సగమే దింపి తిప్పేవాళ్లు, తిప్పాక డివైస్‌ని నిలువుగా పట్టుకుని పౌడర్ ఒళ్లో పోసుకునేవాళ్లు, అన్నీ చూశాం. అన్నిటికన్నా పెద్దది, డివైస్ నోట్లో పెట్టుకునే ఊపిరి వదలడం. పౌడర్‌కి తడి తగిలితే ముద్ద కడుతుంది, కొంత ఎగిరి బయటికి పోతుంది, తర్వాత ఎంత లాగినా దండగే. ఇంకో తమాషా ఏంటంటే ఎండీఐని గబుక్కున లాగేవాళ్లే డీపీఐని, అంటే ఈ పౌడర్ ఇన్‌హేలర్‌ని, మాత్రం నిదానంగా లాగుతున్నారు, అంటే రెండూ తిరగేసి నేర్చుకున్నారు. డీపీఐలో గ్యాస్ ఉండదు, లాక్టోజ్ పొడికి అంటుకున్న మందుని విడదీసేది పేషెంట్ లాగే బలమే. ఇది ఒక్కటి అర్థమైతే మిగతా స్టెప్పులు బట్టీ పట్టక్కర్లేదు. నేను స్టాఫ్‌కి చెప్పేది, బోండం అడుగున మిగిలిన నీళ్లని స్ట్రాతో లాగినట్టు లాగమని చెప్పండి అని, పల్లెల్లో ఇది వెంటనే ఎక్కుతుంది.

డాక్టర్ల సంగతి

ఇది రాయాలా వద్దా అనుకున్నా కానీ రాయకపోతే కేస్ స్టడీ సగమే అవుతుంది. మెడికల్ ఆఫీసర్లని స్టాఫ్‌తో కలిపి కూర్చోబెట్టకండి. డాక్టర్ గారు తప్పు చేస్తే సిస్టర్ నోరు విప్పదు, సిస్టర్ తప్పు చేస్తే డాక్టర్ గారు నలుగురిలో కసురుకుంటారు, రెండు రకాలుగానూ క్లాస్ పాడవుతుంది. మేం డాక్టర్లని ఓపీ అయ్యాక వాళ్ల రూమ్‌లోనే, తలుపు వేసుకుని, ఒక్కొక్కరికీ విడిగా చూపించాం. పది నిమిషాల పని. చాలామంది ఎంబీబీఎస్‌లో కానీ పీజీలో కానీ ఎవరూ తమ చేత చేయించి చూడలేదనే చెప్పారు, మన చదువులో ఇన్‌హేలర్ అంటే ఫార్మకాలజీలో ఒక పేరా, అంతే. ఆ విడి సెషన్ తర్వాత ఒక మెడికల్ ఆఫీసర్ మరుసటి రోజు తనే తన ఫార్మసిస్టుని పిలిచి "ఏదీ చెయ్ చూద్దాం" అన్నారట. మా క్లాస్ కన్నా అదే ఎక్కువ పనిచేసింది అని నా నమ్మకం, ఎందుకంటే పీహెచ్‌సీలో పెద్దాయన దేన్ని పట్టించుకుంటే స్టాఫ్ దాన్నే పట్టించుకుంటారు.

క్లాస్ ఎలా నడిచింది

ఒక బ్యాచ్‌కి ఆరేడుగురు, అంతకన్నా ఎక్కువ వద్దు. ప్రొజెక్టర్ లేదు. మొదట థెరపిస్టు ఒక్క మాట మాట్లాడకుండా కరెక్ట్‌గా చేసి చూపిస్తుంది, తర్వాత ప్రతి స్టెప్పు ఎందుకో చెప్తూ మళ్లీ చేస్తుంది, తర్వాత ఇద్దరిద్దరు జతగా ఒకరు పేషెంట్, ఒకరు స్టాఫ్. ఇక్కడే అసలు మజా. పేషెంట్‌గా చేసేవాళ్లకి మేం చెవిలో ఒక తప్పు చెప్తాం, "నువ్వు షేక్ చెయ్యొద్దు", "నువ్వు క్యాప్ తియ్యకుండానే నొక్కు", "నువ్వు నొక్కాక వెంటనే మాట్లాడేసెయ్", ఎదుటివాళ్లు ఆ తప్పు పట్టుకోవాలి. ఒక ఏఎన్ఎం అమ్మ ముసలావిడ వేషం ఎంత బాగా వేసిందంటే, "నాకు చేతులొణుకుతాయి తల్లీ, ఈ నొక్కుడు నా వల్ల కాదు" అని అచ్చం అలాగే అంది, దాంతో కీళ్లవాతం ఉన్నవాళ్లు పంపు నొక్కలేకపోతే ఏం చెయ్యాలి, రెండు చేతులతో నొక్కించడం, స్పేసర్ పెట్టడం, డివైస్ మార్చమని డాక్టర్‌కి చెప్పడం, ఇవన్నీ చర్చకి వచ్చాయి. ఏ స్లైడ్ పెట్టినా ఈ చర్చ వచ్చేది కాదు.

కానీ మేం గట్టిగా పట్టుబట్టింది ఒక్క విషయం మీదే. స్టాఫ్‌కి వివరించి చెప్పడం అలవాటు, వాళ్లు చెప్తూ ఉంటే పేషెంట్ తల ఊపుతూ ఉంటాడు, "అర్థమైందా?" అంటే "అయిందమ్మా", సంతకం, నెక్స్ట్. ఇందులో పేషెంట్ నోట్లోకి డివైస్ వెళ్లనే లేదు. మేం ఈ వరస తిరగేశాం. పాత పేషెంట్ అయితే ముందు నోరు మూసుకుని అతను చేసేది చూడండి, తర్వాత ఉన్న తప్పుల్లో పెద్దది ఒకటో రెండో మాత్రమే సరిచెయ్యండి, పదీ ఒకేసారి చెప్తే ఏదీ నిలవదు, తర్వాత మళ్లీ చేయించండి. ఆస్తమా గైడ్‌లైన్లు రాసే జీనా వాళ్లు చెప్పేదీ ఇదే, పేషెంట్‌కి సరిపోయే డివైస్ ఎంచుకో, చేయించి చూడు, సరిదిద్దు, నువ్వు స్వయంగా సరిగ్గా చేసి చూపించగలవో లేదో కూడా నిర్ధారించుకో అని. మొత్తం రెండు మూడు నిమిషాలు పడుతుంది. కిటికీ దగ్గర క్యూ ఉంటే ఆ రెండు నిమిషాలు ఎక్కడివి అన్నది ఫార్మసిస్టుల ప్రశ్న, న్యాయమైన ప్రశ్న. ఒక సెంటర్‌లో దీనికి వాళ్లే దారి వెతుక్కున్నారు, ఇన్‌హేలర్ రాసిన చీటీలన్నీ పక్కన పెట్టి, ఆ పేషెంట్లని బెంచీ మీద కూర్చోబెట్టి, రష్ తగ్గాక నలుగురైదుగురికి కలిపి ఒకేసారి చేయించడం. ఒకరి తప్పు చూసి ఇంకొకరు నేర్చుకుంటారు, "అట్టా కాదత్తా, ముందు గాలి వదులు" అని పక్కావిడే చెప్తుంది.

ఒక పేషెంట్ దగ్గర ఆగుతాను

యాభై దాటిన ఆవిడ, మిర్చి కళ్లాల్లో పని, చిన్నప్పటి నుంచి ఉబ్బసం, సీజన్‌లో వారానికి ఒకసారైనా క్యాజువాల్టీకి వచ్చి "మిషన్ పెట్టండమ్మా" అని నెబులైజేషన్ (మిషన్‌తో మందుని పొగలా చేసి పీల్పించడం) పెట్టించుకుని పోయేది. చీటీలో ఫార్మోటెరాల్ (గాలి గొట్టాల్ని తెరిచేది), బుడెసొనైడ్ (వాపు తగ్గించే స్టెరాయిడ్) కలిపిన క్యాప్సూల్, పూటకి ఒకటి. ట్రైనింగ్ అయిన స్టాఫ్ నర్స్ ఆ రోజు డ్యూటీలో ఉంది, మిషన్ పెట్టాక కాస్త తేరుకున్నాక "అత్తా, నీ డబ్బా తెచ్చావా, ఏదీ చెయ్యి" అంది. డబ్బా కొంగులో కట్టుకునే ఉంది. ఆవిడ గొట్టాన్ని బాగానే పెట్టింది, తిప్పింది, నోట్లో పెట్టుకుంది, పెట్టుకున్నాక హుఫ్ అని ఊది, తర్వాత లాగింది. సిస్టర్ డివైస్ విప్పి చూపించింది, లోపల పౌడర్ సగానికి సగం గోడలకి ముద్ద కట్టి ఉంది. పాత పౌడర్ కూడా ఉంది, ఎన్నాళ్లదో. కడిగి ఆరబెట్టడం ఎవరూ చెప్పలేదు, వారానికి ఒకసారి కడిగి పూర్తిగా ఆరాకే వాడాలని తెలీదు. పైగా గొట్టాల్ని సీసాలోంచి తీసి చీర కొంగులో మూట కట్టుకుంటుంది, పనిలో చెమటకి తడి తగిలి మెత్తబడ్డాయి.

సిస్టర్ చెప్పింది మూడే మాటలు, ఊపిరి పక్కకి వదులు, గట్టిగా లాగు, గొట్టాలు సీసాలోనే ఉంచు. లాగాక డివైస్ తెరిచి పౌడర్ మిగిలిందేమో చూసి మిగిలితే ఇంకోసారి లాగమంది, ఆఖర్న నీళ్లు పుక్కిలించి ఉమ్మెయ్యమంది, ఎందుకంటే ఆవిడ నాలుక మీద తెల్లటి పూత ఉంది, స్టెరాయిడ్ పౌడర్ నోట్లోనే ఉండిపోతే వచ్చే ఫంగస్ అది. తర్వాత నెలల్లో ఆవిడ క్యాజువాల్టీకి రావడం బాగా తగ్గింది. మొత్తం టెక్నిక్ వల్లే అని నేను అనను, సీజన్ కూడా అయిపోవచ్చింది, మూతికి గుడ్డ కట్టుకోవడం కూడా మొదలుపెట్టింది. కానీ డోస్ పెంచాల్సిన అవసరం రాలేదు, స్టెరాయిడ్ మాత్రల జోలికి పోలేదు. పాత చీటీల్లో ఇంతమంది రాశాం కదా, ఒక్క చీటీలో కూడా "చేయించి చూశాం" అనే మాట లేదు.

మిషన్ మోజు, బాటిల్ స్పేసర్

నెబులైజర్ అంటే మన జనానికీ, మన స్టాఫ్‌కీ కూడా ఒక నమ్మకం. పొగ కనపడుతుంది, శబ్దం వస్తుంది, ఏదో చేసినట్టు ఉంటుంది. పంపు నాలుగు సార్లు నొక్కితే "ఇంతేనా?" అంటారు. నిజానికి మామూలు అటాక్‌కి సాల్బుటమాల్ (గాలి గొట్టాల్ని త్వరగా తెరిచే మందు) ఎండీఐని స్పేసర్‌తో ఇస్తే నెబులైజర్‌తో సమానంగానే పనిచేస్తుంది, నాలుగు నుంచి పది పఫ్‌లు, మొదటి గంటలో ఇరవై నిమిషాలకోసారి. కరెంట్ పోయినా ఇవ్వొచ్చు, మాస్క్ కడిగే గొడవ తక్కువ. కోవిడ్ టైమ్‌లో నెబులైజర్ వల్ల వైరస్ గాల్లోకి వ్యాపిస్తుందేమోనని భయపడ్డారు కాబట్టి అప్పట్లో స్పేసర్ అలవాటైన సెంటర్లు కొన్ని ఉన్నాయి, వాళ్లకి మేం కొత్తగా చెప్పాల్సింది పెద్దగా లేదు.

స్పేసర్ కొనలేనివాళ్లకి అర లీటర్ ప్లాస్టిక్ బాటిల్‌తో చేసుకోవడం నేర్పించాం. ఇది మేం కనిపెట్టింది కాదు, దక్షిణాఫ్రికాలో పిల్లల మీద పరీక్షించి 1999లోనే లాన్సెట్ అనే మెడికల్ జర్నల్‌లో వేశారు, కంపెనీ స్పేసర్‌కి దీటుగా పనిచేసింది. తీగని ఇన్‌హేలర్ మూతి సైజుకి వంచి, కాల్చి, బాటిల్ అడుగున కచ్చితంగా అదే ఆకారంలో బెజ్జం చెయ్యాలి, చుట్టూ సందు లేకుండా జిగురు పెట్టాలి. కత్తెరతో కోసినవి లీక్ అవుతాయి, అవి వద్దు. కొత్త ప్లాస్టిక్ గోడలకి స్టాటిక్ కరెంట్ వల్ల మందు అంటుకుపోతుంది, అందుకని అంట్లు తోమే సబ్బు నీళ్లలో ముంచి, గుడ్డతో తుడవకుండా, అలాగే ఆరనివ్వాలి. ఒకసారికి ఒకే పఫ్, నాలుగు పఫ్‌లు ఒకేసారి కొట్టేసి పీల్చడం కాదు. చిన్న పిల్లలకి మాస్క్ బిగించి పఫ్‌కి ఐదారు సార్లు మామూలుగా ఊపిరి తీయిస్తే చాలు, వాళ్లు బిగపట్టక్కర్లేదు. ఏడుస్తున్న పిల్లకి మాస్క్ బలవంతంగా పెడితే మందు సరిగ్గా లోపలికి పోదు, ముందు సముదాయించాలి, ఇది చెప్పినప్పుడు ఆశా వర్కర్లు "అదేం పని సార్, మేం చేస్తాం" అన్నారు, నిజంగానే ఈ ఒక్క పనిలో వాళ్లు డాక్టర్ల కన్నా మెరుగు.

స్టాఫ్ మనసులో ఉన్నది

చేతులు నేర్చుకున్నా మనసు ఒప్పుకోకపోతే టెక్నిక్ ఎవరికీ చెప్పరు. క్లాస్ మధ్యలో టీ తాగేటప్పుడు బయటికొచ్చే మాటలు క్లాస్ కన్నా ముఖ్యం. "ఇన్‌హేలర్ ఒకసారి మొదలుపెడితే మానలేరంట కదా సార్", "అది లాస్ట్ స్టేజ్‌లో కదా పెట్టేది", ఈ మాటలు అన్నది పేషెంట్లు కాదు, స్టాఫే. ఒక సిస్టర్ వాళ్ల బాబుకే ఆస్తమా, చీటీలో ఇన్‌హేలర్ ఉంది, కానీ ఇంట్లో సిరప్ పోస్తోంది, "వాళ్ల నానమ్మ ఒప్పుకోదు సార్" అంది. సిరప్‌లో మందు మిల్లీగ్రాముల్లో కడుపులోకి వెళ్లి ఒళ్లంతా తిరిగి, గుండె దడ, చేతుల వణుకు తెస్తుంది, పఫ్‌లో 100 మైక్రోగ్రాములు నేరుగా కావాల్సిన చోటికి వెళ్తుంది, ఈ లెక్క బోర్డు మీద వేసి చూపిస్తే ఆవిడ ఏమీ అనలేదు, తర్వాత వారం బాబుని తీసుకొచ్చి స్పేసర్‌తో చేయించుకుంది. అలాంటి తల్లి పేషెంట్‌కి చెప్పే తీరు వేరేగా ఉంటుంది.

జూన్‌లో ఇంకో గొడవ. మృగశిర కార్తెకి హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప మందు ఇస్తారు కదా, కొరమీను పిల్ల నోట్లో మందు పెట్టి మింగిస్తారు, మా వైపు నుంచి కూడా బస్సులు కట్టుకుని వెళ్తారు. వద్దంటే వినరు, వద్దని వాదించే స్టాఫ్ దగ్గరికి మళ్లీ రారు. అందుకని స్టాఫ్‌కి చెప్పింది ఒక్కటే, వెళ్లేవాళ్లు వెళ్లనివ్వండి, కానీ పంపు జేబులో ఉండాలి, రోజూ వాడే మందు మానొద్దు, ఈ రెండూ చెప్పి పంపండి.

తర్వాత ఏమైంది

నేర్చుకున్న టెక్నిక్ నాలుగు నుంచి ఆరు వారాల్లో మళ్లీ జారిపోవడం మొదలవుతుందని గైడ్‌లైన్లలోనే ఉంది, అది పేషెంట్ల గురించి రాసిందే అయినా స్టాఫ్‌లో కూడా అచ్చం అలాగే జరిగింది. రెండో నెలలో చెప్పకుండా వెళ్లి చూస్తే, షేక్ చెయ్యడం, పెదాలు బిగించడం లాంటివి నిలిచాయి, ముందుగా ఊపిరి వదలడం మాత్రం మళ్లీ మాయం. ఎందుకో ఆ స్టెప్పే అందరికీ జారుతుంది. అందుకని కొత్త క్లాస్ పెట్టకుండా, ఎన్‌సీడీ (బీపీ, షుగర్ లాంటి దీర్ఘకాల జబ్బుల) క్లినిక్ రోజు ఓపీ మొదలయ్యే ముందు ఐదు నిమిషాలు, ఎవరో ఒకరు అందరి ముందూ చేసి చూపించాలి, మిగతావాళ్లు కాగితం చూసి టిక్ పెట్టాలి అని పెట్టాం. ఫార్మసిస్టు దగ్గర ఒక రబ్బర్ స్టాంపు చేయించాం, "టెక్నిక్: సరి / మళ్లీ", చీటీ మీద గుద్ది ఒకదాని మీద గీత గీయడం, దీనికి పెద్ద ఖర్చు లేదు, కానీ స్టాంపు వెయ్యాలంటే చేయించి చూడాలి, చూడకుండా వేస్తే తర్వాత వచ్చిన పేషెంట్ తప్పు చేస్తే ఎవరు వేశారో తెలిసిపోతుంది. స్టాంపు బాగా నడిచిన సెంటర్లు, ఫార్మసిస్టు చురుగ్గా ఉన్న సెంటర్లు ఒకటే, యాదృచ్ఛికం కాదు.

ఖాళీ అయిన పంపుల గురించి కూడా ఇదే టైమ్‌లో తేలింది. పాతకాలం అలవాటుగా క్యానిస్టర్‌ని నీళ్లలో వేసి తేలితే ఖాళీ అని చెప్పే సిస్టర్లు ఇంకా ఉన్నారు, అది నమ్మదగింది కాదు, పైగా నీళ్లు వాల్వ్‌లోకి పోయి పాడవుతుంది. రాసి ఉన్నన్ని పఫ్‌లు అయిపోయాక కూడా లోపల గ్యాస్ మిగిలి స్ప్రే వస్తూనే ఉంటుంది, మందు ఉందో లేదో తెలీదు. కౌంటర్ లేని పంపుల మీద మొదలుపెట్టిన తేదీ, అయిపోయే తేదీ మార్కర్‌తో రాసివ్వమన్నాం, 120 పఫ్‌ల పంపు రోజుకి నాలుగు చొప్పున అయితే సరిగ్గా ముప్పై రోజులు, ఈ లెక్క వెయ్యడం అందరికీ వచ్చు, రాసివ్వడమే ఎవరూ చెయ్యట్లేదు.

పనిచెయ్యనివి కూడా చెప్పాలి. ట్రాన్స్‌ఫర్లు వచ్చాయి, ఔట్‌సోర్సింగ్ స్టాఫ్ మారారు, బాగా నేర్చుకున్నవాళ్లలో కొంతమంది వేరే ప్రోగ్రాంలకి వెళ్లిపోయారు. గోడకి అంటించిన పోస్టర్ల వల్ల నాకు తెలిసి ఏ ఉపయోగమూ లేదు, రెండో నెలకే వాటి మీద ఇంకో స్కీమ్ పోస్టర్ అంటించారు. స్టాక్ ఇంకో తలనొప్పి, ఒక నెల ఎండీఐ ఉంటుంది, ఇంకో నెల క్యాప్సూల్ వస్తుంది, డివైస్ మారినప్పుడల్లా పేషెంట్‌కి మొదటి నుంచీ నేర్పాలి, నిదానంగా లాగమని చెప్పిన నోటితోనే గట్టిగా లాగమని చెప్పాలి. క్యాజువాల్టీ రిజిస్టర్‌లో నెబులైజేషన్ ఎంట్రీలు తగ్గాయని స్టాఫ్ సంతోషపడ్డారు, నేను మాత్రం రెండు మిర్చి సీజన్లు పోల్చి చూడకుండా ఆ లెక్కని ఎక్కడా చెప్పనని అన్నాను.

ఇప్పుడు మా చేతిలో ఉన్న పని మెడికల్ షాపులు. సర్కారు దవాఖానాలో లేనప్పుడు పేషెంట్ వెళ్లేది అక్కడికే, ఆ కంపెనీ లేదని ఇంకో కంపెనీ గొట్టాలు ఇస్తారు, అవి పాత డివైస్‌లో సరిగ్గా కూర్చోవచ్చు, కూర్చోకపోవచ్చు. కొందరు ఓనర్లు టైమ్ లేదన్నారు, కొందరు రాత్రి తొమ్మిది తర్వాత రమ్మన్నారు, అలా వెళ్లిన చోట కౌంటర్ మీద కుర్రాళ్లు చాలా తొందరగా పట్టుకున్నారు, వాళ్లకి గాలి లాగడం కన్నా ఏ డివైస్‌కి ఏ గొట్టమో అడిగి ఇవ్వడం మీదే ఎక్కువసేపు చెప్తున్నాం. డిసెంబర్ చలి మొదలయ్యేలోపు కనీసం సీహెచ్‌సీ ఎదురు వరసలో ఉన్న షాపులన్నీ పూర్తి చెయ్యాలి, తర్వాత ఆర్‌ఎంపీల దగ్గరికి వెళ్లాలా వద్దా అన్నదాని మీద మా ముగ్గురికీ ఇంకా ఏకాభిప్రాయం రాలేదు.